మట్టి మిద్దె పోయిన చోట: 384 చదరపు అడుగుల ఇంటి ప్రాజెక్టు డైరీ

2024 ఆగస్టు 18

నంద్యాల జిల్లా బనగానపల్లె సమీపంలోని మా ఊరి మట్టి మిద్దెలో వెనక గది దూలం చెదపట్టి, గత నెల వానలకు కప్పుతో సహా ఒక పక్కకు కుంగిపోయింది. అమ్మ అప్పుడు ముందు వసారాలో ఉన్నందువల్ల ప్రమాదం తప్పింది. మరమ్మతు కోసం ఇద్దరు బేల్దారి మేస్త్రీలను విడివిడిగా పిలిచి చూపించగా, దూలాల మీది దంతెలు (అడ్డకర్రలు) కూడా సగానికి పైగా పుచ్చిపోయాయనీ, మిద్దెను విప్పడం తప్ప దారి లేదనీ ఇద్దరూ ఒకే మాట చెప్పారు. అందుచేత అదే స్థలంలో 24 అడుగుల పొడవు, 16 అడుగుల వెడల్పుతో, అంటే 384 చదరపు అడుగులలో, అమ్మ కోసం చిన్న ఇల్లు కట్టాలని నిర్ణయించాము. చేతిలో ఉన్నది 7 లక్షల రూపాయలు. నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ పాఠాలు చెప్పేవాణ్ణి కాబట్టి కరెంటు లెక్కలు నావి, గోడల లెక్కలు సివిల్ బోధించే నా సహోద్యోగివి. ఆదివారాలలో మాత్రమే ఊరికి రాగలను గనుక ఈ డైరీలోని తేదీలన్నీ ఆదివారాలే.

మిద్దెను విప్పకముందే ఒక విషయం రాసి పెట్టుకోవాలి. గత మే నెలలో మా విద్యార్థుల ప్రాజెక్టు పనిగా ఈ మిద్దెలోనూ, పక్కనే ఉన్న పెదనాన్నగారి స్లాబు ఇంటిలోనూ కప్పు లోపలి ఉష్ణోగ్రతను తీసుకున్నాము. పగలు 43 డిగ్రీలు తాకిన ఒక రోజు రాత్రి 9 గంటలకు స్లాబు అడుగుభాగం 40 డిగ్రీలు, మిద్దె కప్పు అడుగుభాగం 33 డిగ్రీలు ఉన్నాయి. పెదనాన్నగారు ఆ స్లాబు కింద పడుకోలేక మంచం బయటికి తెచ్చుకుంటారు. మిద్దె కప్పులో దూలాలు, వాటిమీద దంతెలు, వాటిమీద నాపబండలు, ఆపైన జానెడుకు మించిన మట్టి, అన్నిటికంటే పైన వాన నీటిని దిగనివ్వని చౌడు మట్టి ఉంటాయి. అంత మందం దాటి వేడి దిగేలోగా రాత్రి వచ్చేస్తుంది. అయితే ఏటా వానలకు ముందు చౌడు కొత్తగా పరిచి తొక్కించాలి. నాన్న పోయిన తరువాత ఆ పని చేసే మనిషి దొరకలేదు. మా ఊళ్ళో మిద్దెలు కూలుతున్నది పాతబడినందుకు కాదు, చౌడు వేసే చేతులు లేనందుకు.

ఈ రోజుకు నా ప్రణాళిక సాదాసీదాగా ఉంది: మామూలు స్లాబు ఇల్లు, దానిమీద 3 కిలోవాట్ల సోలార్, పడకగదిలో ఒక టన్ను ఏసీ. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద మొదటి 2 కిలోవాట్లకు కిలోవాటుకు 30,000 రూపాయల చొప్పున, మూడో కిలోవాటుకు 18,000 రూపాయలు, వెరసి గరిష్ఠంగా 78,000 రూపాయల రాయితీ వస్తుంది. ఇంత వస్తున్నప్పుడు పూర్తిగా వాడుకోకపోవడం తెలివితక్కువ అనిపించింది.

2024 సెప్టెంబరు 8

గోడల గురించి వారం రోజులు వాదించుకున్నాము. పాత మిద్దె రాయి చాలా మిగిలింది. బేతంచెర్ల, బనగానపల్లె ప్రాంతంలో రాతికి కొదవే లేదు. పాలిష్ ఫ్యాక్టరీల పక్కన నాపరాళ్ళ ముక్కలు గుట్టలుగా పడి ఉంటాయి. రాతి గోడే కడదామని నేను పట్టుబట్టాను. సహోద్యోగి ఏమీ అనకుండా కాగితం మీద రెండు గుణకారాలు చేసి చూపించారు. 9 అంగుళాల గోడ కడితే లోపల మిగిలేది ఇరవైరెండున్నర అడుగులు, పద్నాలుగున్నర అడుగులు, అంటే 326 చదరపు అడుగులు. 18 అంగుళాల రాతి గోడ అయితే 21 అడుగులు, 13 అడుగులు, అంటే 273. తేడా 53 చదరపు అడుగులు. అది మేము అనుకున్న వంటగది కంటే పెద్దది. పెద్ద ఇంటికి మందపు గోడ అలంకారం కావచ్చు గాని, చిన్న ఇంటిలో అది ఒక గదిని మింగేస్తుంది.

కాబట్టి ఫ్లైయాష్ (బూడిద) ఇటుకలతో, ఆర్కిటెక్ట్ లారీ బేకర్ కేరళలో విరివిగా వాడి ప్రచారంలోకి తెచ్చిన ఎలుకబోను కట్టుబడిని ఎంచుకున్నాము. ఇందులో ఇటుకను పడుకోబెట్టరు, అంచు మీద నిలబెడతారు. అందువల్ల గోడ వెడల్పు 9 అంగుళాలే ఉంటుంది గాని, మధ్యలో దాదాపు 3 అంగుళాల ఖాళీ మిగులుతుంది. ఇటుకలు నాలుగో వంతు తగ్గుతాయి, గోడ లోపలి గాలి కొంత వేడిని ఆపుతుంది. ఇటుకలన్నీ ఒకే కొలతలో ఉండాలి గనుక మా వైపు బట్టీ ఇటుక దీనికి పనికిరాదు. అచ్చులో పోసిన ఫ్లైయాష్ ఇటుక సరిపోతుంది.

ఇంటి పొడవు తూర్పు పడమరలుగా ఉండాలని కూడా ఈ వారమే తేల్చాము. 16 అడుగుల పొట్టి గోడలు మాత్రమే ఉదయపు, సాయంత్రపు ఎండకు ఎదురవుతాయి. మా ఊరు 15 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే మొదటి రోజులలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, ఆ తరువాత ఆగస్టు రెండో వారం దాకా మాకు ఉత్తరం వైపుగానే నడుస్తాడు. అందుచేత దక్షిణపు కిటికీకి మాత్రమే సన్‌షేడు చాలునన్న పుస్తకాల సలహా మాకు సగమే వర్తిస్తుంది. దక్షిణానికి 2 అడుగులు, ఉత్తరానికి ఒకటిన్నర అడుగు పెడుతున్నాము. పడమట కిటికీయే లేదు.

2024 సెప్టెంబరు 29

ఈ ఆదివారం నాకు పాఠం చెప్పినది స్లాబు.

కప్పు గుండా ఒక చదరపు మీటరులో, లోపలికీ బయటికీ ఒక డిగ్రీ తేడా ఉన్నప్పుడు, ఎన్ని వాట్ల వేడి ప్రవహిస్తుందో చెప్పేదాన్ని యు విలువ అంటారు. 125 మిల్లీమీటర్ల కాంక్రీటు స్లాబుకు, దాని ఉపరితలాల దగ్గరి గాలి పొర నిరోధాన్ని కూడా కలిపి లెక్క కడితే, అది సుమారు 3.4 వచ్చింది. 2018లో వెలువడిన ఎకో నివాస్ సంహిత అనే కేంద్ర ఇంధన పొదుపు నియమావళి నివాస గృహాల కప్పుకు ఈ విలువ 1.2 దాటకూడదని చెబుతుంది. అంటే మన ఊళ్ళలో అందరూ పోసుకునే స్లాబు, ఉండవలసిన దానికి దాదాపు మూడింతల వేడిని లోపలికి వదులుతోంది. పెదనాన్నగారి మంచం బయటికి ఎందుకు వస్తుందో ఈ ఒక్క అంకె చెప్పేసింది.

స్లాబు మీద ఒక అంగుళం గట్టి థర్మోకోల్ పరిచి, పైన కాంక్రీటు పొర వేస్తే ఆ 3.4 కాస్తా 1.0కు దిగుతుంది. రెండంగుళాలు వేస్తే 0.58. మొదటి అంగుళం 2.4 తగ్గించింది, రెండో అంగుళం 0.4 మాత్రమే తగ్గించింది. అందువల్ల ఒక అంగుళంతో ఆగి, మిగిలిన డబ్బుతో కప్పు పైభాగమంతా తెల్లని పింగాణీ టైల్స్ ముక్కలు పరిపిస్తున్నాము. తెలుపు చేసే పని వేరు: థర్మోకోల్ లోపలికి దిగే వేడిని అడ్డుకుంటుంది, తెలుపు ఆ వేడి కప్పులో పుట్టకముందే ఎండను తిప్పి కొడుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ విధానం తెచ్చినది ఈ సూత్రం మీదే. థర్మోకోల్ బదులు కుండలు బోర్లించి మధ్యలో సున్నపు కాంక్రీటు వేసే పాత పద్ధతి కూడా చూశాము. స్లాబు మీద అదనపు బరువు పడుతుందని సహోద్యోగి వద్దన్నారు. స్లాబు అడుగుభాగంలో కొంత కాంక్రీటు బదులు పెంకులు నింపే ఫిల్లర్ స్లాబు ఆలోచన కూడా వదిలేశాము, ఊళ్ళో కమ్మీ కట్టేవారు ఎవరూ ఇంతవరకు చేసి ఉండలేదు.

2024 అక్టోబరు 20

పునాది పని నడుస్తోంది. అందులో రాయవలసినదేమీ లేదు, పాత మిద్దె రాయి మొత్తం పునాదిలోకే వెళ్ళింది.

ఈ రోజు ఇంటిలో వాడబోయే ప్రతి వస్తువును రాసుకుని రోజువారీ యూనిట్లు లెక్క కట్టాను. తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ ఫ్యాన్లు రెండు, ఒక్కొక్కటి 30 వాట్లు, రోజుకు 14 గంటలు: 0.84 యూనిట్లు. 9 వాట్ల ఎల్‌ఈడీ దీపాలు ఐదు, 5 గంటలు: 0.23. చిన్న ఫ్రిజ్: 0.5. టీవీ: 0.2. మిక్సీ, ఫోను ఛార్జర్ కలిపి: 0.13. నీళ్ళ మోటారు అరగంట: 0.28. మొత్తం 2.2 యూనిట్లు చాలు. వేసవిలో ఏసీ బదులు 150 వాట్ల కూలర్ 8 గంటలు తిరిగితే 1.2 చేరి, 3.4 అవుతుంది. మామూలు ఫ్యాన్లు పెట్టి ఉంటే ఆ రెండే రోజుకు 2 యూనిట్లు తినేవి.

ఏసీని ఎందుకు తీసేశానో చెప్పాలి. కూలర్ ఎంతవరకు చల్లబరచగలదో నిర్ణయించేది గాలిలోని తేమ. మాకు ఏప్రిల్, మే మధ్యాహ్నాలలో 42 డిగ్రీల ఎండ, 20 శాతం తేమ ఉన్న రోజు తడి బల్బు ఉష్ణోగ్రత, అంటే నీరు ఆవిరవడం వల్ల గాలి చల్లబడగల కనిష్ఠం, సుమారు 24 డిగ్రీలు. మంచి కూలర్ ఆ రెండింటి తేడాలో అయిదింట నాలుగు వంతులు తగ్గించగలదు, అంటే 28 డిగ్రీల దగ్గరి గాలి వస్తుంది. ఇదే కూలర్‌ను మచిలీపట్నంలో పెడితే ఇంట్లో ఉక్కపోత పెరుగుతుందే గాని చల్లదనం రాదు. పొడి వాతావరణం మా ప్రాంతానికి ఇచ్చిన కొద్ది మేళ్ళలో ఇది ఒకటి, దాన్ని వదులుకుని ఏసీ కొనడం నాకు న్యాయమనిపించలేదు.

ఇక ఇబ్బంది పెట్టిన లెక్క ఇది. నెలకు 66 యూనిట్లు వాడే ఇంటికి ఆంధ్రప్రదేశ్‌లోని 2024-25 విద్యుత్ చార్జీల ప్రకారం మొదటి 30 యూనిట్లు 1.90 చొప్పున 57 రూపాయలు, తరువాతి 36 యూనిట్లు 3 చొప్పున 108 రూపాయలు, వెరసి 165 రూపాయలు. కూలర్ తిరిగే నెలలో 102 యూనిట్లకు 313 రూపాయలు. స్థిర చార్జీలు, సర్దుబాటు చార్జీలు కలపకుండా ఏడాది మొత్తానికి 2,600 రూపాయలు దాటదు. 1 కిలోవాటు సోలార్‌కు వెండర్ చెప్పిన ధర 68,000, రాయితీ పోను 38,000. అది తిరిగి రావడానికి దాదాపు 15 ఏళ్ళు పడుతుంది. అదే నేను మొదట అనుకున్నట్లు మామూలు స్లాబు ఇంటిలో ఏసీ పెట్టి నెలకు 300 యూనిట్లు కాల్చి ఉంటే, బిల్లు 1,670 రూపాయలు దాటేది, 3 కిలోవాట్ల ప్యానెళ్ళ డబ్బు అంతకంటే త్వరగా తిరిగి వచ్చేది. వేడెక్కే ఇల్లు కట్టుకున్నవాడికే సోలార్ లాభసాటి, చల్లని ఇల్లు కట్టుకున్నవాడికి అది ఆలస్యంగా ఫలించే చెట్టు. సోలార్ ప్రకటనలలో ఈ సంగతి కనబడదు.

అయినా 1 కిలోవాటు పెట్టాలనే నిర్ణయించాను. ఆ డబ్బు కప్పు పని పూర్తయిన తరువాతే ఖర్చు చేయాలని మాత్రం ఈ పుటలో రాసి పెడుతున్నాను.

2024 నవంబరు 17

గోడలు ఛాతీ ఎత్తుకు లేచాయి. మొదటి రోజు బేల్దారి పెద్దాయన నిలబెట్టిన ఇటుకలను చూసి, "ఇది గోడా, పావురాల గూడా సారూ?" అన్నారు. నలభై ఏళ్ళుగా నిండు గోడలు కట్టిన మనిషికి మధ్యలో ఖాళీ వదలడం దొంగపనిలా తోచడం సహజమే. నేను లేని మూడు రోజులలో నాలుగు వరసలకు ఆయన మనుషులు ఆ ఖాళీలను సిమెంటు మాలుతో నింపేశారు. ఎవరూ చెప్పకుండానే నాకు తెలిసింది. గోడను వేళ్ళతో తడితే పైన బోలుగా, కింద గట్టిగా మోగింది. ఆ వరసలను విప్పించలేదు, నేలకు దగ్గర కాబట్టి బలానికి పనికొస్తాయని సరిపెట్టుకున్నాను. ఆ తరువాత మాలు లోపల పడకుండా ఖాళీ మీద ఒక చెక్క పట్టీని అడ్డుగా పెట్టి, వరస పూర్తయ్యాక దాన్ని జరుపుకుంటూ పోయే పద్ధతి నేర్పాము. మూడో వారానికి పెద్దాయనే కొత్త కుర్రవాళ్ళకు ఆ పట్టీ వాడకం చెబుతున్నారు.

ఈ కట్టుబడిలో కరెంటు పైపుల కోసం గోడ చెక్కకూడదు. కాబట్టి ప్రతి స్విచ్ పెట్టె, ప్రతి పైపు దారి ముందే గీసి, ఇటుకలతో పాటే ఖాళీలోంచి పైకి తెచ్చాము. నాకు ఇది సులభమైన పనే గాని, ఎలక్ట్రీషియన్‌ను గోడలు అయ్యాక పిలిచే అలవాటున్న చోట మాత్రం ఈ గోడ ఎవరికీ కలిసిరాదు.

2024 డిసెంబరు 22

సూర్యుడు ఏడాదిలో అతి తక్కువ ఎత్తుకు వచ్చే రోజులివి. నిన్న సాయంత్రమే ఊరికి వచ్చి, ఈ రోజు ఉదయం 9 నుంచి 3 వరకు గోడల మీద కర్రలు నిలబెట్టి నీడలు గీశాను. మధ్యాహ్నం సూర్యుడి ఎత్తు 51 డిగ్రీలు, ఉదయం 9కీ సాయంత్రం 3కీ 31 డిగ్రీలు. ప్యానెళ్ళ కంటే 4 అడుగులు ఎత్తున్న వస్తువు మధ్యాహ్నం 3 అడుగుల పైచిలుకు నీడ వేస్తే, 3 గంటలకు ఆరున్నర అడుగుల నీడను ఈశాన్యం వైపు పరుస్తుంది.

సమస్య నీళ్ళ ట్యాంకు. వాస్తు ప్రకారం బరువు నైరుతిలో ఉండాలని అమ్మ పట్టు. అందులో మార్పు లేదు. వెండర్ ఇచ్చిన చిత్రంలో ప్యానెళ్ళు సరిగ్గా ఆ ట్యాంకుకు ఈశాన్యంగా, కప్పు నడిమధ్యన ఉన్నాయి. రెండు ప్యానెళ్ళు వరుసలో కలిపి ఉంటాయి గనుక, ఒక మూల నీడ పడినా నష్టం ఆ మూలకే పరిమితం కాదు. బైపాస్ డయోడ్లు ఆ భాగాన్ని దాటవేసినా ఉత్పత్తిలో ఒక పెద్ద ముక్క పోతుంది. అందువల్ల ప్యానెళ్ళను ఆగ్నేయ మూలకు జరిపాము. శీతాకాలపు నీడ అక్కడికి చేరదు. జూన్‌లో సాయంత్రం 5 తరువాత ట్యాంకు నీడ ఆ వైపు సాగుతుంది గాని, ఆ వేళకు ఉత్పత్తే నామమాత్రం. ఈ మార్పు చెప్పడానికి భయపడుతూ అమ్మ దగ్గరికి వెళ్ళాను. "అగ్ని ఉండాల్సింది ఆగ్నేయంలోనే కదా నాయనా, ఇందులో అడగడానికి ఏముంది?" అన్నది. వాస్తు, త్రికోణమితి ఒకే మూల మీద కలవడం నా అదృష్టం.

అయితే నేను కలగన్న ఒక ప్రయోజనం ఈ రోజే కరిగిపోయింది. ప్యానెళ్ళ నీడ వల్ల కప్పు చల్లబడుతుందని అందరికీ చెబుతూ వచ్చాను. రెండు ప్యానెళ్ళు కలిసి కప్పేది దాదాపు 55 చదరపు అడుగులు, మొత్తం కప్పులో ఏడో వంతు. ఆ నీడ వంటగదికి ఉపయోగపడుతుంది, పడకగదికి కాదు.

2025 జనవరి 26

స్లాబు పడింది. ప్యానెళ్ళ స్టాండు కోసం నాలుగు చిన్న కాంక్రీటు దిమ్మెలను, వాటిలో బోల్టులను స్లాబుతో పాటే పోయించాము. తరువాత డ్రిల్లు చేసి బిగిస్తే నీరు దిగే ప్రమాదం ఉంటుంది. హాలు మధ్యన 2 అడుగుల చదరపు గవాచి కూడా వదిలాము. పాత మిద్దెలో వెలుతురుకూ పొగ పోవడానికీ ఉన్నది అదే. ఇప్పుడు దానికి పైన అద్దం, పక్కన రెక్కలు వస్తాయి. రాత్రి కింది కిటికీలు తెరిస్తే వేడిగాలి దానిలోంచి పోవాలని ఉద్దేశం.

2025 ఫిబ్రవరి 16

థర్మోకోల్, దానిపై పొర, తెల్ల టైల్స్ ముక్కలు పూర్తయ్యాయి. మధ్యాహ్నం ఆ తెలుపు మీద కళ్ళు నిలవడం లేదు. వడియాలకు ఇంత శుభ్రమైన చోటు ఎప్పుడూ లేదని అమ్మ సంతోషించి, ప్యానెళ్ళు ఆ వైపు రాకూడదని హద్దు గీసింది.

పడమటి గోడకు చేసిన పని నాకు అన్నిటికంటే తృప్తినిచ్చింది. గోడకు 3 అంగుళాల దూరంలో, పొలాల కంచెలకు పాతే బండ కడీలను నాలుగడుగులకు ఒకటి చొప్పున నిలబెట్టి, వాటి మధ్యన ఫ్యాక్టరీ దగ్గర చవకగా దొరికిన నాపబండల ముక్కలను ఒకదానిపై ఒకటి నిలువుగా కూర్చాము. ఎండ ఆ బండ మీద పడుతుంది, బండ వేడెక్కుతుంది, కాని వెనక సందులో గాలి వేడెక్కి పైనుంచి బయటికి పోయి, కింద వదిలిన 4 అంగుళాల ఖాళీ నుంచి కొత్త గాలి వస్తుంది. బండ వేడి ఇంటి గోడను తాకదు. అమ్మకు ఇది నచ్చలేదు. "ఆ సందుల్లో తేళ్ళు చేరతాయి" అన్నది, అది నిజం. మా వైపు నాపబండ ఎత్తితే తేలు ఉండే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. కింద, పైన సన్నని ఇనుప జాలీ బిగించిన తరువాతే ఒప్పుకున్నది.

2025 ఏప్రిల్ 27

ఉగాదికి పూర్తి కావలసిన పని నెల ఆలస్యమైంది. పాలు పొంగించి అమ్మ ఇంటిలోకి వచ్చింది. 540 వాట్ల ప్యానెళ్ళు రెండు, 15 డిగ్రీల వాలుతో దక్షిణముఖంగా, కప్పుకు 3 అడుగుల ఎత్తున నిలిచాయి. 8 అడుగుల ఎత్తు స్టాండు వేస్తానని వెండర్ అన్నారు గాని, మా బయలులో గాలి అంత ఎత్తున ప్యానెళ్ళను ఎలా లాగుతుందో తెలుసు కాబట్టి వద్దన్నాను. గ్రిడ్‌కు ఇచ్చిన కరెంటునూ తీసుకున్న కరెంటునూ లెక్కించే నెట్ మీటరు రావడానికి ఐదు వారాలు పట్టింది. అంతవరకు ఇన్వర్టర్ ఆపి, ఎండను వృథాగా చూస్తూ కూర్చున్నాము.

గ్రిడ్‌కు కలిపిన ఇన్వర్టర్ కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. లైను మీద పనిచేసేవారి ప్రాణరక్షణకు అది అవసరం. నడి ఎండలో, ప్యానెళ్ళు నెత్తిన ఉండి కూడా ఫ్యాను ఆగిపోవడం చూసి పెదనాన్నగారు నవ్వారు. అందుకే 12.8 వోల్టులు, 100 ఆంపియర్ గంటల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీతో ఒక చిన్న హోమ్ ఇన్వర్టర్ విడిగా పెట్టాను. రెండు ఫ్యాన్లు, మూడు దీపాలు కలిసి 87 వాట్లే కాబట్టి 12 గంటలు నడుస్తాయి. మామూలు ఫ్యాన్లయితే ఆరు గంటలు.

2025 మే 11

నిన్నటి పగటి గరిష్ఠం 42 డిగ్రీలు. రాత్రి 9 గంటలకు పెదనాన్నగారి స్లాబు అడుగున 39, మా కొత్త ఇంటి కప్పు అడుగున 34. మిద్దె చల్లదనానికి ఒక డిగ్రీ దూరంలోకి చేరాము. జానెడు మట్టికి బదులు ఒక అంగుళం థర్మోకోల్ చేయగలిగిన పని ఇది. సాయంత్రం 5కు పడమటి బండ వెలుపలి ముఖం 56 డిగ్రీలు, దాని వెనక గోడ 38. మొదట, దూరం నుంచి గురిపెట్టి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో ఒక జింకు రేకు ఉష్ణోగ్రత తీస్తే 30 చూపించింది. మెరిసే లోహం మీద ఆ పరికరం అబద్ధం చెబుతుందని గుర్తుకు వచ్చి, నల్ల టేపు అతికించి మళ్ళీ తీశాను. రాతి మీదా సున్నం మీదా ఆ ఇబ్బంది లేదు.

తెల్లవారుజామున కిటికీలు, గవాచి తెరిచి, ఉదయం 8 గంటలకు మూసే పని అమ్మ చేస్తున్నది. మూయడం మరచిన రోజు మధ్యాహ్నానికి గది 3 డిగ్రీలు ఎక్కువ చూపింది. తెలివైన ఇల్లు అంటూ ఏదీ లేదు, తెలివైన మనిషి ఇంట్లో ఉంటే సరిపోతుంది. ఆ మనిషి ఇక్కడ మా అమ్మ.

2025 మే 25

గురువారం రాత్రి గాలివాన. స్టాండు కదలలేదు. గవాచి కారింది. దాని చుట్టూ గట్టు 3 అంగుళాలే పోయించాము, వాన గాలితో అడ్డంగా వచ్చి గట్టు ఎగిరి హాలులో పడింది. తప్పు నాది, 9 అంగుళాల గట్టు గీసిన చిత్రంలో, వెలుతురు తగ్గుతుందని నేనే దిద్దాను. కొత్తగా ఇటుక వరసలు లేపి, బయటికి వాలే రేకు అంచు బిగించాము. ఖర్చు 4,200.

2025 జూన్ 22

నెట్ మీటరు వచ్చాక మొదటి పూర్తి నెల. రోజుకు సగటున 4.6 యూనిట్ల ఉత్పత్తి, 3.1 వాడకం. ఎండ తీవ్రంగా ఉన్న రోజే ఎక్కువ వస్తుందని ఊళ్ళో అందరూ అనుకుంటారు. కాని ప్యానెల్ కణాలు మధ్యాహ్నం 65 డిగ్రీలకు చేరినప్పుడు, ప్రతి డిగ్రీకి 0.35 శాతం చొప్పున, 25 డిగ్రీల దగ్గరి సామర్థ్యంలో 14 శాతం పోతుంది. వాన కురిసి వెలిసిన మర్నాడు, చల్లని గాలిలో, ఒకే గంటకు ఎక్కువ చూపిన సందర్భాలు రెండు చూశాను.

మూడు వారాలు కడగకపోతే 4.6 కాస్తా 4.0కు దిగింది. కారణం పాలిష్ ఫ్యాక్టరీల రాతి పిండి. తెల్లటి పొరగా అద్దం మీద పేరుకుంటుంది. బోరు నీటితో కడిగితే ఆరిన తరువాత సున్నపు మరకలు మిగిలాయి, సున్నపురాయి నేలలో అది తప్పదు. గవాచి రేకు కింద డ్రమ్ము పెట్టి వాన నీరు పట్టి, దానితో తెల్లవారుజామున కడుగుతున్నాము. మిట్ట మధ్యాహ్నం వేడి అద్దం మీద చల్లటి నీరు కొట్టరాదు.

2025 జులై 20

కూలర్ అవసరం తీరిపోవడంతో వాడకం 2.1కు తగ్గింది, ఉత్పత్తి మబ్బుల వల్ల 3.8. రోజూ 1.7 యూనిట్లు గ్రిడ్‌లోకి పోతున్నాయి. ఆ మిగులుకు బిల్లులో వచ్చే విలువ స్వల్పం. కనుక దాన్ని వంటకు మళ్ళించాలని ఇండక్షన్ స్టవ్ తెచ్చాను. 14.2 కిలోల గ్యాస్ సిలిండర్ చేసే వంటను ఇండక్షన్ మీద చేయడానికి నా లెక్కలో సుమారు 135 యూనిట్లు కావాలి. అమ్మకు సిలిండర్ మూడు నెలలు వస్తుంది, అంటే రోజుకు ఒకటిన్నర యూనిట్లు. మిగులు అంతే ఉంది. రాష్ట్ర ప్రభుత్వపు దీపం-2 పథకం కింద ఏడాదికి మూడు ఉచిత సిలిండర్లు వచ్చే ఇంటికి మాత్రం ఈ లెక్క నిలవదు.

అన్నం, పప్పు, కాఫీ ఇండక్షన్ మీదికి వచ్చాయి. సంగటి రాలేదు, ఎందుకంటే మా సంగటి గిన్నె అల్యూమినియంది, ఇండక్షన్ దాన్ని గుర్తించదు. అడుగున ఇనుము ఉన్న గిన్నె కోసం నంద్యాలలో రెండు దుకాణాలు తిరిగాను. ఉన్నవి సంగటి కెలకడానికి లోతు చాలనివి. జొన్నరొట్టె చివర మంట మీద కాల్చాలి. అందుచేత గ్యాస్ పొయ్యిని ఒక బర్నర్‌తో ఉంచి, రెండో బర్నర్ స్థానంలో ఇండక్షన్‌ను అమర్చాము. వచ్చే నెల అంకెలు ఈ కొత్త అమరికవి.